జడ్జిగారి సంతకం

"నిన్న గూడ చిక్కడపల్లి లైబ్రరీల కూసున్నడట. పొద్దటి సంది మాపటిదాంక ఒక్కటే పేపరు ముంగటేసుకొని. తెల్లారితే తీర్పు అని జర ఫికర్ గూడ లేదు" అన్నాడు స్టాంపు కాగితాలమ్మే ముసలాయన.

"ఫికరెందుకుంటది? ఇరవై ఏండ్లు జడ్జి చేసినోడు. ఎట్ల తప్పించుకోవాల్నో మనకన్న ఆయనకే ఎరుక" అన్నాడు ప్లీడరు గుమాస్తా.

కోర్టు వరండాలో గోడకానుకుని కూర్చున్న కురుమయ్య ఆ మాటలు విన్నాడు. రెండేళ్లుగా ప్రతి వాయిదాకూ తాపీ పని మానుకుని అడిక్‌మెట్ బస్తీ నుంచి నడిచి వస్తున్నాడు. ప్రతిసారీ ఇవే మాటలు.

ఆ జడ్జి జగన్నాథరావు ఒకప్పుడు కురుమయ్యకు దేవుడితో సమానం. తొంభై ఒకటిలో కురుమయ్య తమ్ముడు కడుతున్న భవనం సారువ మీద నుంచి పడి చనిపోయాడు. తాగి పడ్డాడని కంట్రాక్టరు నలుగురు సాక్షుల్ని తెచ్చాడు. జగన్నాథరావు ఆ నలుగురినీ నమ్మలేదు. తమ్ముడి భార్యకు పరిహారం ఇప్పిస్తూ తీర్పు రాశాడు. అది ఆయన కుర్చీలో ఉన్న చివరి ఏడాది.

రిటైరయ్యాక ఆయన అశోక్‌నగర్‌లో ఒక ఇళ్ల సొసైటీకి అధ్యక్షుడయ్యాడని తెలిసి, కురుమయ్య, అతని భార్య ఆశమ్మ అక్కడే చిన్న ప్లాటు కొన్నారు. కాగితాలు చదవడం ఇద్దరికీ రాదు. ఆయన సంతకం ఉందంటే చాలనుకున్నారు. ఆరోజు ఆయన కురుమయ్యను గుర్తుపట్టి, "పునాదికి ముగ్గు పోసే రోజు నన్ను పిలువు, తప్పక వస్తా" అన్నాడు.

ముగ్గు పోయడానికి వెళితే అక్కడ ఇంకెవరిదో పునాది లేచి ఉంది. అదే ప్లాటు మరొకరికి రిజిస్టరైంది. అట్లాంటివి ఇరవై దాకా తేలాయి. సొసైటీ కార్యదర్శి పారిపోయాడు. కాగితాలన్నిటి మీదా జగన్నాథరావు సంతకమే ఉంది. అది దొంగ సంతకం కాదని ఆయన ప్లీడరే ఒప్పుకున్నాడు.

కురుమయ్య సాక్ష్యం చెప్పిన రోజు బోనులో ఉన్న ఆయన వైపు చూశాడు. తల దించుకుంటాడనుకున్నాడు. ఆయన మాత్రం ముఖపరిచయం లేని మనిషిని చూసినట్టు చూసి, చిన్నగా నవ్వి, బాగా చెప్పావన్నట్టు తలూపాడు. ప్లాటు పోయిన బాధ కంటే ఆ నవ్వే కురుమయ్యను ఎక్కువ కోసింది.

వరండా చివర జడ్జిగారి భార్య మనోరమ, ప్లీడరు రాఘవేందర్ నిలబడి మాట్లాడుకుంటున్నారు. స్తంభానికి ఇవతల ఉన్న కురుమయ్యను వాళ్లు గమనించలేదు.

"అమ్మా, ఆ కాగితం ఇప్పటికైనా ఇయ్యండి. ఆ సంతకాలు ఎట్ల పడ్డయో కోర్టుకు తెలుస్తది. సార్ సాయంత్రానికి ఇంట్ల ఉంటరు."

"వద్దు రాఘవేందర్ గారు. దాని మీద తారీఖు చూసినరు గద. సార్ ఇంకా కుర్చీల ఉన్నప్పటిది. అది బయటపడితే ఆ ఏడాది ఆయన రాసిన తీర్పులన్నీ తిరగదోడుతరు."

"తోడుకోనీయండి. మనకెందుకు?"

"ఆ తీర్పుల మీద ఎంతమంది బతుకులు నిలబడ్డయో. ఈ కాగితం ఎవ్వరికీ చూపియ్యనని ఆయనే నాతోని ఒట్టేయించుకున్నరు."

"ఆయన జైలుకు పోతరమ్మా."

మనోరమ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కురుమయ్య స్తంభం వెనక్కి జరిగాడు. ఆ ఏడాది తీర్పులంటే తమ్ముడి తీర్పు కూడా అందులోదే. ఆ కాగితంలో ఏముంది? ఎవరు ఎవరిని కొన్నారు? తాను ఎవరికీ ఏమీ ఇచ్చుకోలేదే. ఇన్నాళ్లూ బస్తీలో ఎవరికి అన్యాయం జరిగినా, "నా తమ్మునికి జరగలేదా న్యాయం, కోర్టుకు పోండ్రి" అని ధైర్యం చెప్పేవాడు. ఇక ఆ మాట ఏ నోటితో చెప్పాలి?

పన్నెండింటికి తీర్పు చదివారు. నేరం రుజువైందన్నారు.

"మీరు చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని జడ్జి అడిగాడు.

జగన్నాథరావు కోటు సవరించుకుని నిటారుగా నిలబడ్డాడు. "ఏమీ లేదు. తీర్పు సబబుగా ఉంది."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. జడ్జి మూడేళ్ల శిక్ష వేశాడు. "పొగరు చూసినవా? శిక్ష పడ్డా తగ్గలే" అన్నాడు గుమాస్తా.

పోలీసులు కాగితాలు రాసుకుంటుంటే ఆయనను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మనోరమ పక్కనే కూర్చుని ఆయన చేయి పట్టుకుంది. కురుమయ్య వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"సారూ, ప్లాటు పోతే పోయింది, నేను అడగ. ఒక్క మాట చెప్పు. మా తమ్ముని తీర్పు నిజంగనే నువ్వు నమ్మి రాసినవా? అది గూడ అబద్ధమేనా? అదొక్కటి చెప్పు, ఎల్లిపోత."

మనోరమ తల పక్కకు తిప్పుకుంది. సంచిలోంచి బయటికి కనబడుతున్న పాత ఆసుపత్రి కాగితాన్ని లోపలికి తోసింది.

జగన్నాథరావు కురుమయ్య ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కొంచెం పక్కకు జరిగి, బెంచీ మీద చోటిచ్చాడు.

"కూర్చో నాయనా, ఎంతసేపని నిలబడతావు" అన్నాడు మెత్తగా. తెరిచి ఉన్న తలుపులోంచి ఖాళీ అయిన కోర్టు హాలు వైపు చూశాడు. మళ్లీ కురుమయ్య వైపు తిరిగి, నెమ్మదిగా అడిగాడు.

"ముద్దాయి ఇంకా రాలేదా?"