పారలకు కిటికీ

పరీక్షలకు నెల ఉంది. మా ఇంట్లో ఉన్నదే ఒక గది, అందులోనే టీవీ, కుట్టుమిషను. చదువుకోవడానికి చోటు అడిగే ధైర్యం లేక, పెరట్లో పారలు తుప్పు పడుతున్నాయని నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

పాత సామాన్ల కొట్లో నాన్న చవకైన రేకుల షెడ్డు ఒకటి బేరమాడాడు. నేను కిటికీ ఉన్నదాన్ని చూపించాను.

"పారలకి కిటికీ ఎందుకే?"

"గాలాడాలిగా నాన్నా."

ఇంటికొచ్చాక దానికి నీలం రంగు వేసి, అమ్మ పాత చీరతో కర్టెను కట్టాను.

"పారలకి సిగ్గు కూడానా?"

"ఎండకి పిడులు పగులుతాయి నాన్నా."

నాన్న తలుపుకు గడియ బిగించాడు. చూస్తే, లోపలివైపు.

"గడియ బయట కదా ఉండాలి?"

"బయటుంటే మీ అమ్మ తీసి పనులు చెబుతుంది. పారలు పరీక్ష తప్పుతాయి."