మూడో వరసలో ఖాళీ

చంద్రకళ టీచర్ నేల మీద చింతపిక్కల్ని వరసకు ఆరేసి చొప్పున నాలుగు వరసలు పేర్చింది. మూడో వరసలో మాత్రం కావాలనే ఒకటి తగ్గించింది.

"ఎన్నున్నాయర్రా?"

"ఇరవై నాలుగు!" మూడో తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. ఒక్కరూ కిందికి చూడలేదు. పాఠంలోని జవాబు పిల్లల చెవుల్లో పెట్టుకునే బుల్లి ఏఐ యంత్రం, చెవిపూస, ముందే ఊదేసింది మరి. రోజూ ఇదే తంతు. టీచర్‌కి ఒళ్లు మండిపోయింది.

చెవిపూస రిపేరుకిచ్చిన నూకరత్నం ఒక్కతే వేలు పెట్టి లెక్కించింది. లెక్కించి ఏడుపు మొదలెట్టింది.

"నాకు ఇరవై మూడే వత్తన్నాయి టీచర్. తప్పయిపోనాది."

"ఆ పిల్లకి సున్నా వేయండి," అంది టీచర్ చెవిలోని పూస.

చంద్రకళ దాన్ని పీకి, మూడో వరస ఖాళీలో పెట్టింది.

"ఏడవకమ్మా. ఇప్పుడు లెక్కెట్టు."