అలసట దించిన రాళ్లు

తనంతటి మొనగాడు ఆండీస్ కొండల్లోనే లేడని సెవెరినో నమ్మకం. బండ్లు రాకూడదన్న కొండ పచ్చికలోకి మేనత్తను ఎక్కించుకుని దర్జాగా జీపు తోలాడు. చీకటిపడేసరికి బురదలో దిగబడ్డాడు. మంచు కురిసేలోగా ఊరు చేరకపోతే కొయ్యబారి చావడమే. పక్కనే కనుమ మీద ఎవరో పేర్చిన రాళ్లగుట్ట కనిపిస్తే, దాన్ని పీకి చక్రాల కింద తోశాడు.

"ఒరే, బాటసారులు తమ అలసట దించిపెట్టిన రాళ్లురా అవి!" అంది మేనత్త ఎర్మినియా.

"రాయికి అలసటేంటత్తా? నువ్వు నమిలే కోకా ఆకు వాగిస్తోంది. ఎక్కు!"

"నడిచొస్తాలే, మొనగాడా."

జీపు బయటపడింది. కానీ పల్లంలో కూడా మూలుగుతూ పాకింది. సెవెరినో కాళ్లు ఎత్తలేనంత బరువెక్కాయి. ఇంజను ఆగింది. గాలి చప్పుడు కూడా లేదు.

నడిచొచ్చిన అత్త అతన్ని దాటుతూ, ఖాళీగా ఉన్న వెనక సీట్లోకి తొంగిచూసింది.

"అందరికీ చోటు సరిపోయిందా?" అని మర్యాదగా అడిగింది.

వెనక ఎవరో ఉస్సురన్నారు. తర్వాత ఇంకొకరు.