చివరి నాలుగు పేజీలు

“ఇదిగో, దొంగ దొరికాడు!”

లైబ్రేరియన్ అరుపుకి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

పిల్లల పుస్తకాల అరల వెనక ఒక ముసలాయన. ఒక చేతిలో బ్లేడు, ఇంకో చేతిలో నిన్ననే వచ్చిన కొత్త పుస్తకం.

అదీ ఏ పుస్తకం? చిన్నప్పుడు ఇదే లైబ్రరీలో ఆమె వందసార్లు చదువుకున్న కథ!

“వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదా? పేజీలు కోస్తారా?” చేతిలోంచి లాక్కుంది.

“ఒక్క పూట ఆగు తల్లీ. పాత ప్రతిని చెత్తలో పడేశారు, అందుకే...”

“అమ్మగారూ, ఆయన...” వాచ్‌మన్ నసిగాడు.

“ముందు బయటికి పంపు!”

కోపంలో చెవులు పనిచేయవు కదా. బల్ల మీదున్న ఆయన కవరుని సాక్ష్యంగా బ్యాగులో వేసుకుంది.

గుమ్మం దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు.

“ఆ చివరి నాలుగు పేజీలు మాత్రం ఏ పిల్లకీ చదివి వినిపించకు.”



సాయంత్రం ఆస్పత్రి వార్డు. తెల్లారితే కూతురికి ఆపరేషన్.

“నీకిష్టమైన కథ చదువుతానన్నావుగా అమ్మా?”

బ్యాగులోంచి ఆ కొత్త పుస్తకం తీసి చదివింది. కథలో పిల్ల అడవిలో తప్పిపోయింది. లాంతరు ఆరిపోయింది. పడుతూ లేస్తూ ఇల్లు చేరి, తలుపు తట్టింది.

పేజీ తిప్పి ముందు తనే చూసుకుంది. 

తలుపు ఎవరూ తీయలేదు. తెల్లారేసరికి గుమ్మంలో లాంతరొక్కటే మిగిలింది.

ఇదేం చోద్యం? అమ్మ తలుపు తీస్తుంది కదా! తనకి తొమ్మిదేళ్ళప్పుడు, తన అమ్మ ఆస్పత్రిలో ఉన్న మూడు నెలలూ ఆ ఒక్క ముక్క నమ్ముకునే నెట్టుకొచ్చింది. అమ్మ వచ్చింది కూడా.

“తలుపు తీశారా అమ్మా?” కూతురి వేళ్ళు ఆమె చేతిని బిగించాయి.

ముసలాయన మాట గుర్తొచ్చింది. కవరు తీసింది. లోపల రంగు మారిన నాలుగు కాగితాలు. అచ్చులానే ఉన్నాయి గానీ, అన్నీ చేత్తో రాసిన అక్షరాలే.

“అమ్మ తలుపు తీసింది,” చదివి వినిపించింది.

కూతురు నవ్వి కళ్ళు మూసుకుంది.

వరండాలోకొచ్చి వాచ్‌మన్‌కి ఫోన్ చేసింది.

“ఎవరాయన?”

“పాత బైండరండీ. వెనక గదిలో ముప్పయ్యేళ్ళు పుస్తకాలు కుట్టాడు. పొద్దున మీరు పంపేశాక చాలాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఇక రానన్నాడు. ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదండీ.”

ఆమె ఆఖరి కాగితం వెనక్కి తిప్పింది. చెరిగిపోతున్న పెన్సిల్ రాత:

“రోజూ మూల బెంచీ మీద కూర్చునే పాప కోసం. వాళ్ళమ్మ ఆస్పత్రి నుంచి వచ్చేదాకా కథ ఇలాగే ముగియాలి.”