నాలుగు చుక్కల నీరు

"ఎందుకమ్మా ఇప్పుడు చెవుల డాక్టరు? పోయినవాణ్ణి తెచ్చిస్తాడా?" అన్నాడు బావగారు, ఆస్పత్రి ముందు స్కూటరు ఆపుతూ.

"తెచ్చివ్వక్కర్లేదు బావగారూ. ఒక్క మాట చెబితే చాలు."

ఆస్పత్రి వాసన పడదని ఆయన గేటు దగ్గరే ఉండిపోయాడు. ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళింది.

ఆమె భర్త ఎత్తైన మేడలకి తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడిచేవాడు. పైన నిలబడి ఆ తాడు చూసుకునేది అన్న, అంటే ఈ బావగారే. పోయిన వారం, ఇంకా బెల్టు పెట్టుకోకముందే, ఆమె భర్త మేడ అంచు మీంచి పడిపోయాడు. జారాడన్నారు కొందరు. దూకాడన్నారు ఎక్కువమంది. లోకానికి అలాంటి మాటే రుచి. ఆ పొద్దునే ఇంట్లో పెద్ద గొడవైంది. "మళ్ళీ నీ మొహం చూపించకు" అంది ఆమె. అతను తినకుండానే పనికి వెళ్ళాడు. అప్పట్నుంచీ ఆమెకి ముద్ద దిగడం లేదు.

డాక్టరు పెద్దాయన, మంచివాడు. కుర్చీ చూపించాడు.

"ఈ మధ్య ఇల్లు గిర్రున తిరుగుతోంది, చెవిలో హోరు అనేవారండీ. కళ్ళు తిరిగే పడిపోయుంటారా?"

అవునంటాడేమోనని ఆమె ఆయన నోటివంకే చూసింది.

"చూడమ్మా, లోపలి చెవిలో నాలుగు చుక్కల నీరుంటుంది. ఊరేది ఊరుతుంది, ఇంకేది ఇంకుతుంది. రెండూ సరిపోతేనే మనిషి తిన్నగా నిలబడతాడు. ఇంకడం తగ్గిందా, లోపలి పొర ఉబ్బిపోయి భూమి తలకిందులౌతుంది. అలాంటివాళ్ళని మేడలెక్కించకూడదనే కంపెనీ వాళ్ళు నా దగ్గరికి పంపేది. మీ ఆయన్ని పోయిన నెలే పరీక్ష చేశాను."

"ఏం తేలింది?"

"హోరూ లేదు, తిరుగుడూ లేదన్నాడు. చెవిలో చన్నీళ్ళు పోశాను, వేణ్ణీళ్ళు పోశాను. కళ్ళు మూయించి ఒంటికాలి మీద నిలబెట్టాను. తొణకలేదు."

"చెవిలో నీళ్ళు పోస్తే ఊరుకున్నారా?" ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. "తలస్నానానికే ఇల్లు పీకి పందిరేసేవారు!"

డాక్టరూ నవ్వాడు. మొగుడి జబ్బుని పట్టించుకోలేదని ఈ అమ్మాయి కుమిలిపోతోందనుకున్నాడు పాపం. ధైర్యం చెప్పబోయాడు.

"మీ తప్పేం లేదమ్మా. మీ ఆయన చెవి నిక్షేపంలా ఉంది. కళ్ళు తిరిగి పడే ప్రశ్నే లేదు."

ఆమె లేచింది. గుమ్మం ఎలా దాటిందో ఆమెకే తెలియదు.

"ఏమన్నాడు?" బావగారు గేటు దగ్గర ఎదురొచ్చాడు.

"ఆయనకి ఏ జబ్బూ లేదట బావగారూ." ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. "కళ్ళు తిరగలేదట. నా మాట పట్టుకునే దూకేశారు. నా మొగుణ్ణి నేనే చంపుకున్నాను."

"ఊరుకో అమ్మా" అన్నాడు ఆయన. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచాడు.

తమ్ముడి పని ఊడిపోతుందన్న భయంతో, తమ్ముడి పేరు చెప్పుకుని, పోయిన నెల ఆ డాక్టరు ముందు పరీక్షకి కూర్చున్నది తనేనని ఆయన చెప్పలేకపోయాడు.