తోక దగ్గర ఆగిన చేప

"బోను తీసేయండన్నయ్యా. ఈ బండ మీద పెట్టనివ్వను," అంటూ జాలరి భార్య కొంగు బిగించి అడ్డంగా నిలబడింది.

బోనులు పెట్టి జంతువులను పట్టే బోనులాయన తెల్లబోయాడు. ఏటి పొడుగునా వలలు చిరిగిపోతున్నాయనీ, ఒడ్డున చేపలు సగం కొరికి పడి ఉంటున్నాయనీ జాలర్లంతా కబురు పెడితేనే వచ్చాడు. ముప్పై ఏళ్ల అనుభవం. బండ చూడగానే సంగతి ఇట్టే తెలిసిపోయింది. చెల్లాచెదురుగా పొలుసులు, తడి ఇసుకలో ఐదేసి వేళ్ల అడుగులు, తల నుంచి తినుకుంటూ వచ్చి వదిలేసిన తోక ముక్క.

"ఇది నీటికుక్క..."

"కాదు. మా అమ్మాయి!" అందామె. "పడిన మొదటి చేప ఎప్పుడూ దానిదే. తోక మాత్రం చచ్చినా ముట్టదు. సాయంత్రం ఇక్కడ పెడతాం. తెల్లారేసరికి తినేసి వెళ్తుంది."

పక్కనే ఉన్న జాలరి బోనులాయన మోచెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు.

"పోయిన వానల్లో పిల్ల ఏట్లో కొట్టుకుపోయిందన్నా. కడసారి చూపు కూడా దక్కలేదు. మా ఇంటిది అన్నం మానేసి మంచం పట్టింది. ఈ తోకలు కనబడ్డాకే లేచి పొయ్యి వెలిగించింది. నీటికుక్కేనని నాకూ తెలుసు. నీ కాళ్లు పట్టుకుంటాను, మా ఇంటిదానికి చెప్పకు."

"మరి మిగతా జాలర్ల వలల సంగతో?"

"ఎన్ని చిరిగితే అన్నీ నేనే బాగుచేసిస్తాను. నా ఇల్లు నిలబెట్టు చాలు."

బోనులాయన బయట ఎన్ని కోతలు కోసినా, జంతువుల విషయంలో మాత్రం ఏనాడూ అబద్ధమాడి ఎరగడు. ఉన్న గొప్పల్లా అదొక్కటే. ఇవాళ దాన్నీ ఏట్లో కలిపేశాడు. బండ దగ్గరికి తిరిగొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"పొరబడ్డానమ్మా. ఇది ఏ జంతువు పనీ కాదు."

జాలరి కళ్లు తుడుచుకుని, బోను తనే భుజానికెత్తుకుని గట్టెక్కసాగాడు. అతని వెనకే కదలబోయిన బోనులాయనను ఆమె చేత్తో ఆపింది. మొగుడు వినబడనంత దూరం వెళ్లేదాకా చూసి, గొంతు తగ్గించింది.

"నీటికుక్కే కదన్నయ్యా?"

బోనులాయన తల దించుకున్నాడు.

"నేను రోజూ చూస్తూనే ఉన్నాను. రెండు పిల్లలు కూడా ఉన్నాయి దానికి," అందామె. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "మా అమ్మాయి దగ్గరికి పోతానని ఆయన రెండుసార్లు ఏట్లో దూకితే నేనే జుట్టు పట్టి లాక్కొచ్చాను. పిల్లే ఇక్కడికి వస్తోందని నేను చెప్పాకే దూకడం మానేశాడు. మీకు పుణ్యముంటుంది, ఆయనకు మాత్రం చెప్పకండి."