మునసబు చేను ఫోటో

"ఇది చాలదప్పా! చూసినోనికి ఏడుపు రావల్ల!" కెమెరా నల్లగుడ్డలోంచి తల బయటికి తీసి గద్దించాడు మునసబు పాపన్న. "అయినా కదిరప్పా, అంతా తలకిందులుగా కనపడ్తాండాదే?"

"కెమెరాలో అట్లే కనపడ్తాదన్నా. కాగితం మీద సరిగ్గానే వస్తాది," అన్నాడు ఫోటోల కదిరప్ప ఓపిగ్గా.

ఓపిక పైకే. పోయిన ఎండాకాలం తన బావిలో ఒక్క కడవ నీళ్లు తోడుకున్నందుకు కదిరప్ప నాయనను ఈ మునసబే కొట్టించాడు. ఆ దెబ్బలకు మంచమెక్కిన మనిషి మళ్లీ దిగలేదు. ఇప్పుడా పెద్దమనిషి శిస్తు మాఫీకి అర్జీ పెడుతున్నాడు. అర్జీకి కరువు ఫోటో కావాలట!

కదిరప్ప కెమెరాను నేలబారుగా దించి, నెర్రెలు విచ్చిన నేలతోనే కెమెరా వెనక గాజుపలకంతా నింపేశాడు. మునసబు మళ్లీ తొంగిచూసి, ఫోటో తీయించి మురిసిపోయాడు.

"ఇదిరా కరువంటే! నీ అంగడి కల్యాణదుర్గంలోనే కదా, కడిగినాక అర్జీతోపాటు తాలూకాఫీసులో నువ్వే ఇచ్చెయ్," అని అర్జీ చేతికిచ్చి ఎద్దులబండెక్కాడు.

బండి మలుపు తిరగ్గానే కదిరప్ప కెమెరాను మునసబు బావివైపు తిప్పాడు. ఊరు ఊరంతా మాడిపోయినా ఆ బావి కింద అరెకరం రాగిచేను మాత్రం నవనవలాడుతోంది. చేలోకి దిగి చతికిలబడ్డాడు. సగం ఫోటో వెన్నులే. చుట్టూ ఉన్న బీడంతా అంచుల బయటే ఉండిపోయింది.

అంగడి చీకటిగదిలో అచ్చు తీసేటప్పుడు చేనుకు చెయ్యి అడ్డం పెట్టి, ఆకాశానికి రెండింతలు వెలుతురు తగలనిచ్చాడు. అచ్చుకాగితానికి వెలుతురు ఎంత తగిలితే అంత నలుపు. ఉత్త తెల్లమబ్బులు కాస్తా కారుమబ్బులైపోయాయి. చూస్తే రేపో మాపో వాన దంచేటట్టుంది. కరువు ఫోటో ఉన్న గాజుపలకను నేలకేసి కొట్టి పళ్లు నూరాడు.

"మాఫీ కావల్నా నీకు? తీసుకో!"

మనుషుల ఫోటో అయితే వెనక మనిషి పేరు, పొలాల ఫోటో అయితే ఊరి పేరు రాయడం అతని పద్ధతి. ఈ ఫోటో వెనకా అట్లే తమ ఊరి పేరు రాసి, అర్జీకి గుచ్చి తాలూకాఫీసు గుమాస్తా చేతిలో పెట్టాడు. నాయన పోయాక కదిరప్ప మనసారా నవ్వింది ఆ రోజే.

వారం తిరక్కముందే అర్జీ కొట్టేశారని తెలిసింది. ఈ మాట ఊర్లో ఉన్న అమ్మ చెవిన వెయ్యాలని కదిరప్ప కంబదూరు దారిలో సైకిలు రెక్కలు కట్టినట్టు తొక్కాడు.

సిద్దమ్మ గడపలో కూలబడి ఉంది. పక్కన ఖాళీ ముంత.

"అమ్మా, ఒక మంచి మాట..."

"యాడిది నాయనా మంచి మాట! మూడు నెల్లుగా మన పాణాలు నిలబెట్టిన సర్కారు గంజి ఇయ్యాల్టి నుంచి పొయ్యరంట. పొయ్యి ఆర్పేసి, గుండిగలు బండికెత్తుకొని పోయినారు. ఈ ఊర్లో పంటలు ఇరగ్గాసినాయంట, వాన నెత్తిమీదే ఉండాదంట. ఎవుడో ఫోటో తీసిచ్చినాడంట!"



సిద్దమ్మ గుప్పెడు మన్ను తీసి వీధిలోకి విసిరింది.

"ఆ ఫోటో తీసినోని చేతులు పడిపోనూ!"